మా అత్త చేతి చలవ

మా అత్త నన్ను కోడలిగా చేసుకున్నది నా ముఖం చూసి కాదు. ఎనిమిదో తరగతి దాకా చదివానని అంతకన్నా కాదు. నా చెయ్యి చల్లగా ఉందని చేసుకుంది. ఇది నేను వేళాకోళానికి అంటున్న మాట కాదు, ఆవిడే పదిమందిలో గొప్పగా చెప్పుకున్న మాట.

ఆవిడ మా నాన్నకి సొంత అక్క. మా పుట్టిల్లు రామతీర్థానికి కూతవేటు దూరం. ఏడాదికోసారి ఆవిడ కొండమీద స్వామిని చూసుకోవడానికి వచ్చి, దిగాక మా ఇంట్లో భోంచేసి వెళ్ళేది. నాకు పద్నాలుగో పదిహేనో ఉన్నప్పుడు, ఒకసారి మంచినీళ్ళ చెంబు అందిస్తే చెంబు పుచ్చుకోవడం మాని నా మణికట్టు పుచ్చుకుంది. వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూసింది. నోట్లో చుట్ట తీసి అరుగు మీద పెట్టింది. ఆవిడది అడ్డపొగ. నిప్పున్న కొస నోటి లోపలికి పెట్టుకుని కాలుస్తారే, అది. మా వైపు ఆడవాళ్ళకి అది మామూలే. ఆ చుట్ట నోట్లో ఉండగానే ఆవిడ మాట్లాడేది, పోట్లాడేది, పిల్లలకి కథలు చెప్పేది, నిప్పు మాత్రం ఆరనిచ్చేది కాదు. అలాంటి మనిషి చుట్ట తీసి పక్కన పెట్టిందంటే విషయం పెద్దదే అన్నమాట.

"ఓలమ్మ! ఒరే తమ్ముడా, ఇలా రా. ఈ గుంట సెయ్యి సూడు. నీళ్ళకుండ ముట్టుకున్నట్టు నేదూ? ఇది నా సెయ్యిరా! నా కడుపున పుట్టినోడికి రానేదు, దీనికొచ్చీసినాది!"

మా నాన్న నవ్వాడు. "కాళ్ళూ అంతేనే అక్కా. దీని పక్కని తొంగుంటే వొణుకొస్తాదని సెల్లి ఏడుస్తాది."

"ఏడవనీ. ఈ గుంట నాది. నా కొడుక్కి సేసుకుంటాను. మరింకెవరికీ మాటియ్యకు."

అంతే, నా పెళ్ళి కుదిరిపోయింది. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే సరే అని ఉండేదాన్నే, బావ మంచివాడు. కానీ అడగలేదు.

చేతి చలవ అని తెలుగువాళ్ళందరూ అంటారు. ఫలానా ఆవిడ చేతి చలవ, ఆనపపాదు విరగకాసింది అంటారు. అదో మాట. అన్నవాళ్ళెవరూ ఆ చెయ్యి పట్టుకుని చల్లగా ఉందో వెచ్చగా ఉందో చూడరు. మా అత్తవారి ఊళ్ళో మాత్రం చూసేవారు. చలవంటే వాళ్ళకి చలవే. ఆకుమడిలో మొదటి గుప్పెడు విత్తనం చల్లేది, వరి ఉడుపుల రోజున మొదటి ఆకు, అంటే నారుమొక్క, నాటేది, ఆవకాయ జాడీలో మొదటి ఉప్పు వేసేది చల్లటి చెయ్యి ఉన్న ఆడదే. నేను కాపరానికి వచ్చేదాకా ఆ పెద్దరికం మా అత్తది. నేను వచ్చిన ఏడాదే ఆవిడ దాన్ని బంగారు గొలుసు తీసి మెళ్ళో వేసినంత సంతోషంగా నాకు అప్పగించింది.

ఇందులో ఒక్క వెన్న సంగతి మాత్రం నిజం. వెచ్చటి చేతికి వెన్న కరిగి జారిపోతుంది, చల్లటి చేతికి ముద్దకడుతుంది. చల్ల చిలికి నేను చెయ్యి పెడితే చాలు, వెన్న వచ్చి వేళ్ళకి చుట్టుకునేది. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని మిగతా అబద్ధాలన్నీ ఊరంతా తిరిగాయి. పొద్దున్నే నాలుగిళ్ళవాళ్ళు వచ్చి, "మా ఇంటి సల్లలో సెయ్యెట్టీసి ఎల్లమ్మా" అనేవారు. జ్వరం తగిలిన పిల్లల్ని తెచ్చి నా ఒళ్ళో పడుకోబెట్టి పొలానికి పోయేవారు. నుదుటి మీద నా చెయ్యి ఉంటే జ్వరం దిగుతుందట. దిగేది కూడా. చల్లటి గుడ్డ వేసినా దిగుతుంది కదా, ఆ గుడ్డని నేను. తరవాత నాకు కూతురు పుట్టింది, దానికి జ్వరమొస్తే నుదుటి మీద వెయ్యడానికి నాకు చెయ్యి ఖాళీ ఉండేది కాదు. విసుగొచ్చి ఒకటి రెండుసార్లు ఏడ్చాను కూడా.

అసలు సంగతేమిటంటే నాకు ఓపిక ఉండేది కాదు. ఎందుకు లేదంటే చెప్పడం తెలిసేది కాదు. గుమ్మందాకా బిందె మోసుకొస్తే గుండె దడదడ కొట్టుకునేది. అటక ఎక్కుతూ నిచ్చెన మధ్యలో ఆగిపోయి, ఎందుకు ఎక్కానో మరిచిపోయి దిగిపోయేదాన్ని. కూర్చుని లేస్తే కళ్ళు బైర్లు కమ్మేవి. ఎండాకాలంలో కూడా పాదాలు వెచ్చబడేవి కావు. ఆడదాని బతుకంటే ఇంతే కాబోలు, అందరికీ ఇలాగే ఉంటుంది కాబోలు, ఎవరూ పైకి చెప్పుకోరు అనుకునేదాన్ని. ఇంకొకటుంది, అది ఎవరికీ తెలియనివ్వలేదు. చీర బొడ్లో గుప్పెడు పచ్చిబియ్యం పోసుకుని రోజంతా నమిలేదాన్ని. బియ్యం దొరక్కపోతే గోడ మట్టి గిల్లి నోట్లో వేసుకునేదాన్ని. వాన పడిన వాసనకి నోరూరేది.

బావ నెల్లిమర్లలో నారమిల్లులో పనిచేసేవాడు. మాట తక్కువ మనిషి. పడుకున్నప్పుడు నా పాదాలు తన పిక్కల మధ్యన పెట్టుకుని, అవి కాస్త వెచ్చబడేదాకా కదిలేవాడు కాదు. చల్లటి కాళ్ళని వంక పెట్టలేదు, చలవని పొగడలేదు. ఆ ఇంట్లో నా చేతికి ఏ పేరూ పెట్టనిది ఆయనొక్కడే. ఆ సంగతి ఇప్పటికీ తలుచుకుంటాను.

మా అమ్మ మాత్రం ఊరుకోలేదు. చూడ్డానికి వచ్చినప్పుడల్లా నా చేతులు రుద్దుతూ, "సద్దన్నం, సల్ల మానీయే, ఒంటికి సలవ సేసీసినాది" అనేది. ఎదురింటి ముసలమ్మ గాలి సోకిందంది. నాటువైద్యుడు వాతమని తేల్చి మిరియాల కషాయం కాచమన్నాడు. నార కోసం నేను వాగులో దిగడం చూసి బావ ఒక్కసారి, "గెడ్డనీళ్ళలో గంటలు గంటలు నిలబడితే సల్లగుండక ఏటౌతాది" అన్నాడు. మా అత్తకి ఈ మాటలన్నీ వింటే ఒళ్ళు మండేది.

"దేవుడిచ్చినదాన్ని మందేసి పోగొట్టుకుంటారేటే? లోకంలో ఎక్కడైనా ఉన్నాదా? నీకు రోగవైతే నాకూ రోగవే మరి. నానేటి సచ్చిపోనానా?"

నాకు రెండో కడుపు నాలుగో నెలలో పోయింది. అప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చింది మా అత్తే. వేడి నీళ్ళతో నా కాళ్ళు కాపడం పెడుతూ, "నాకు ముగ్గురు పోనారే. ముగ్గురూ ఆడగుంటలే. నీ బావ ఒక్కడే నిలబడ్డాడు" అంది. అదివరకు ఎప్పుడూ ఆ మాట నాతో అనలేదు. ఇంక ఆ తరవాతా అనలేదు, ఒక్కసారి తప్ప. నాకు ఆవిడ మీద ఎంత కోపమున్నా నిలవకపోవడానికి ఆ మధ్యాహ్నమే కారణం.

ఆ ఏడు కార్తీకంలో గోగునార తీస్తున్నాం. మెట్టపొలంలో గోగు కోసి, కట్టలు కట్టి, గెడ్డలో ఊరబెడితే కొన్నాళ్ళకి కుళ్ళి నార వదులుతుంది. మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, పుల్లని కొట్టి, నార ఒలిచి, జాడించి ఒడ్డున ఆరెయ్యాలి. ఆ నారే బావ పనిచేసే మిల్లుకి పోయేది. కంపు సంగతి చెప్పకండి. ఆ కంపు అలవాటైపోయింది గానీ ఆ చలికి ఎవరూ అలవాటుపడరు. ఆ రోజు పుల్ల కొడుతూ కొడుతూ ఉంటే ఎదుట ఉన్న అత్త ముఖం మసకబారింది. నీళ్ళ చప్పుడు ఎక్కడో దూరంగా వినపడింది. తరవాత నేను ఒడ్డున పడుకుని ఉన్నాను, ముక్కులోంచి గెడ్డనీళ్ళు కారుతున్నాయి, నా కూతురు ఏడుస్తోంది.

"గెడ్డ గాలి కొట్టినాది" అంది అత్త. ఎండుమిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది.

సాయంత్రం మిల్లు నుంచి వచ్చిన బావ అంతా విని చెయ్యి కడుక్కుని, "రేపు ఇజీనారం ఎల్దుం. తయారవ్వు" అన్నాడు.

"ఏటికి?" అంది అత్త.

"ఆస్పత్రికి."

"అయితే నానూ వస్తాను. ఆ డాక్టర్లు నా కోడల్ని ఏటి సేసీస్తారో."

విజయనగరంలో ఆసుపత్రిలో మమ్మల్ని చూసినావిడ చిన్న వయసు డాక్టరమ్మ. పొద్దుటి నుంచి మనుషుల్ని చూసి చూసి కళ్ళు వాలిపోయి ఉన్నాయి. నాలాగే అలిసిపోయిన ఆవిడని చూడగానే నాకు చుట్టాన్ని చూసినట్టనిపించింది. నా చెయ్యి పట్టుకోగానే మా అత్త ముందుకి వంగి, "సూసినారా డాక్టరమ్మగారూ, ఎంత సలవో! ఊరందరికీ ఈ సెయ్యే" అంది. మెచ్చుకుంటుందనుకుంది పాపం.

డాక్టరమ్మ ఆ మాట పట్టించుకోలేదు. నా కింది రెప్ప లాగి చూసింది. నాలుక చూసింది. గోళ్ళు చూసింది. గొంతు కింద వేళ్ళతో తడిమి మింగమంది. చలికి వేళ్ళు తెల్లగానో నీలంగానో మారతాయా అని అడిగింది. లేదన్నాను. చుట్ట కాలుస్తావా అంది. లేదన్నాను. నెలనెలా ఎన్నాళ్ళు అవుతుందో అడిగింది, కడుపు పోయిన సంగతి అడిగింది, పొలంలోకి చెప్పులు వేసుకుని వెళ్తావా అని అడిగింది. పొలంలోకి చెప్పులేమిటని మా అత్త నవ్వింది. చివరికి, "బియ్యం, మట్టి, సుద్ద లాంటివి తినాలనిపిస్తుందా?" అంది.

నేను తల దించుకున్నాను.

"ఛ, ఛ! మా ఇంట్లో అన్నానికి కరువేటండీ" అంది అత్త.

"కరువని కాదమ్మా. ఇంట్లో ఆఖర్ని తినేదెవరు?"

"అదేటి మాటండీ? కోడలే తింటాది. అత్త తిన్నాక కోడలు. నానూ అలాగే తిన్నాను."

అప్పుడు డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఎప్పుడూ చేతులు కాళ్ళు చల్లగా ఉండడానికి చాలా కారణాలుంటాయట. గొంతులో ఒక గ్రంథి ఉంటుంది, అది సరిగ్గా పనిచెయ్యకపోయినా చల్లగా ఉంటాయి. పొగాకు వల్ల రక్తనాళాలు బిగుసుకుపోయినా ఉంటాయి. కొందరికి చలి తగిలితే వేళ్ళకి రక్తం పారదు. కొందరికి ఏ జబ్బూ లేకుండా పుట్టుకతోనే అలా ఉంటాయి. "నీకు మాత్రం ఒంట్లో రక్తం లేదమ్మా. అందుకే ఆయాసం, అందుకే కళ్ళు తిరగడం, ఆ మట్టి మీద మనసు పోవడం కూడా అందుకే. ఉత్తకాళ్ళతో తిరిగితే మట్టిలోంచి పురుగులు పాదంలో దూరి కడుపులోకి చేరి రక్తం తాగుతాయి. ఇలాగే ఉండి ఇంకో కడుపు వచ్చిందంటే బిడ్డకే కాదు, నీకూ ప్రమాదం."

నాకు భయం వెయ్యలేదు. నిజం చెప్తున్నాను, నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. నా అలుపుకి ఒక పేరుంది! అది నా బద్ధకం కాదు, నా కర్మా కాదు.

డాక్టరమ్మ మా అత్త వైపు తిరిగి, "మీ చెయ్యి కూడా ఇలా ఇవ్వండమ్మా, చూస్తాను" అంది.

మా అత్త రెండు చేతులూ పమిట కిందికి లాక్కుంది. "నాకేటైనాది? నాను సుబ్బరంగా ఉన్నాను" అని గుమ్మం వైపు నడిచింది. చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే అనుకుని నేను ఆ రోజు నవ్వుకున్నాను. తిరుగుబస్సులో ఊరు వచ్చేదాకా ఆవిడ చేతులు పమిట కిందే ఉన్నాయి. దిగుతూ, "విన్నావా? పుట్టుకతోనే ఉంటాయన్నాది" అంది. డాక్టరమ్మ చెప్పిన అన్ని మాటల్లోనూ ఆవిడ చెవికెక్కింది అదొక్కటే.

కడుపులో పురుగులకి మందు వేసుకున్నాను. రక్తం పట్టడానికి ఇచ్చిన మాత్రలు మింగాను. అవి మింగితే నోరంతా ఇనుపచువ్వ నాకినట్టుండేది. తోటకూర, బెల్లం, చోడి అంబలి, అంటే రాగిజావ, మానలేదు. బావ నాకు తోలుచెప్పులు తెచ్చి, వాళ్ళమ్మ ఎదురుగానే గుమ్మంలో పెట్టాడు. కోడలు చెప్పులేసుకుని పొలం వెళ్తుంటే ఊరంతా ముక్కున వేలేసుకుంది. అత్త అడ్డుపడలేదు, అలాగని మెచ్చుకోనూ లేదు. అన్నానికి మాత్రం నన్ను తనతో కూర్చోమనేది. "కూకో. మళ్ళీ ఆ డాక్టరమ్మ నన్నంటాది" అని కంచం నా వైపు తోసేది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. నాకు ఆ మాట నిజమైంది ఆ ఏడే. ఒక పొద్దున్న ముఖం కడుక్కుంటూ చెంపకి చెయ్యి ఆనించుకుంటే చెయ్యి వెచ్చగా తగిలింది. ఎవరి చెయ్యో అనుకున్నాను. బొడ్లో బియ్యం పోసుకుని చాలా రోజులైందని కూడా అప్పుడే గుర్తుకొచ్చింది.

ఇంక చూడండి నా బాధ! వెన్న ముద్దకట్టడం మానేసింది. వేళ్ళకి జిడ్డై అంటుకుని మళ్ళీ చల్లలోకి జారేది. "సెయ్యి వేడెక్కిపోనాదమ్మా" అని ఊరంతా సానుభూతి. జ్వరం పిల్లల్ని తీసుకురావడం మానేశారు. నాకైతే, అమ్మయ్య, పీడ విరగడైంది అనిపించింది. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చే తీరిక దొరికింది. మళ్ళీ కవ్వం ముందు కూర్చున్నది మా అత్తే. మోకాళ్ళు పట్టేసి, గోడకి జారబడి, చుట్ట నోట్లో పెట్టుకుని చిలికేది. ఆవిడ చేతికి వెన్న ఇట్టే వచ్చేది. అప్పుడు ఆవిడ ముఖంలో చిన్న వెలుగు కనబడేది, వెంటనే అలిసిపోయి కళ్ళు మూసుకునేది.

ఆ వేసవి సెలవుల తరవాత నా కూతురికి ఆరేళ్ళు నిండాయి. బడికి వెళ్ళడం మొదలుపెట్టాక రోజూ కొత్త బలపం కావాలని పేచీ పెట్టేది. నిన్న ఇచ్చింది ఏదే అంటే అరిగిపోయిందనేది. పలక చూస్తే ఒక్క గీత ఉండేది కాదు. ఒకరోజు దాని పెదవి చివర తెల్లగా పొడి కనిపించి నోరు తెరిపించాను. బలపం కొరికి చప్పరిస్తోంది. నేను పచ్చిబియ్యం నమిలినట్టే, అంత ఇష్టంగానూ. దాని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. కింది రెప్ప లాగి చూశాను. డాక్టరమ్మ నా రెప్ప అలా ఎందుకు లాగిందో అప్పుడు అర్థమైంది. లోపల ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంది. దాన్ని కూడా విజయనగరం తీసుకెళ్ళాలి, ఉడుపులైతే గానీ తీరదు అనుకున్నాను. పొలం పనులు ఎవరి కోసం ఆగుతాయి?

ఉడుపుల రోజు పొద్దున్న నేను కూలి ఆడవాళ్ళకి అంబలి పట్టుకుని గట్టు మీదికి వెళ్ళేసరికి మా అత్త అక్కడ ఉంది. నా కూతుర్ని చంకనెత్తుకుని ఉంది. ఆ పిల్లని మొయ్యలేక రొప్పుతోంది. దాని చేతిలో వరి ఆకు పెట్టింది. మొదటి ఆకు.

"ఒసే, బేగి రా! నీ కూతురి సెయ్యి సూడు. నీది పోతే పోనాది, దీనికొచ్చీసినాది! మన సెయ్యి ఎక్కడికీ పోనేదే!"

మడిలో ఉన్న ఆడవాళ్ళు సంబరపడ్డారు. ఒకావిడ చేతులు కడుక్కొచ్చి మరీ పిల్ల చెయ్యి ముట్టుకుని కళ్ళకద్దుకుంది. పిల్ల నవ్వుతోంది, దానికి అదో ఆట. నాకు కళ్ళెదుట జరగబోయేదంతా కనబడింది. నాలుగిళ్ళ చల్లలో ఈ చెయ్యే పెట్టిస్తారు. ఊళ్ళోవాళ్ళ జ్వరాలన్నీ దీని ఒళ్ళో పడుకోబెడతారు. అలిసిపోయానంటే నీకేంటే, దేవుడిచ్చిన చెయ్యి అంటారు. పెళ్ళికి ముందు ఎవరో వచ్చి మణికట్టు నొక్కి చూస్తారు. ఆ తరవాత కడుపులు. నా విషయంలో ఎదురు చెప్పడానికి నాకు ఎప్పుడూ ఓపిక లేకపోయింది. ఆ పొద్దున్న ఎక్కణ్ణించి వచ్చిందో వచ్చింది.

"అది సలవ కాదత్తా" అన్నాను. "రోగం."

మడిలో ఆడవాళ్ళు నడుములెత్తి మా వైపు చూశారు.

"డాక్టరమ్మ సెప్పింది నువ్వూ విన్నావు. గుంట బలపాలు తింటన్నాది. దాని ఒంట్లో నెత్తురు నేదు. ఈ సెయ్యిని మడిలో దింపనియ్యను. ఏటైనా అను, నాను ఒప్పుకోను!"

మా అత్త తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పిల్లని గట్టు మీద దింపింది. నోట్లో చుట్ట తీసింది.

"అయితే నాదీ రోగవేనేటే?"

ఆవిడ ఆసుపత్రిలో దాచుకున్న రెండు చేతులూ పమిటలోంచి తీసి నా ముందు చాపింది. "పట్టుకో" అంది. పట్టుకున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ చేతుల్ని అంతసేపు పట్టుకోవడం అదే మొదలు. అరచేతులు సుద్దలా ఉన్నాయి. గోళ్ళు మధ్యలో గుంటపడి ఉన్నాయి. గెడ్డలో ఊరిన నారని పట్టుకున్నట్టుంది.

"ఈ సేత్తోనే ముగ్గురు గుంటల్ని మట్టిలో ఎట్టీసినాను" అంది నెమ్మదిగా, నాకొక్కదానికే వినపడేలా. "ఆల్ల సేతులూ ఇలాగే ఉండీవి. దేవుడి సెయ్యి గదా, దేవుడే తీసుకుపోనాడు అనుకున్నాను. అలాగనుకునే ఇన్నాళ్ళు బతికినాను. ఇప్పుడు నువ్వు రోగవంటన్నావు. అయితే నా గుంటలు రోగంతో పోనారేటే? మందేస్తే ఉండీవోళ్ళేటి?"

ఆవిడ చేతులు అలాగే పట్టుకుని ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. చేతులు వెనక్కి తీసుకుని, పిల్ల గుప్పిట్లోంచి వరి ఆకు మెల్లగా విడిపించింది.

"దీన్ని తీసుకెల్లు. ఇప్పుడే ఎల్లు, బస్సెల్లిపోతాది."

"ఉడుపులు..."

"ఉడుపులు నాను సూసుకుంటాను. ఈ యేటికి నా సెయ్యి సాలు."

చీర మోకాళ్ళ పైకి ఎగదోపుకుని, గట్టు పట్టుకుని, ఒక కాలు దింపి, ఆగి ఊపిరి తీసుకుని, రెండో కాలు దింపింది. వంగి మొదటి ఆకు నాటింది. నడుం ఎత్తడానికి పక్కావిడ భుజం పట్టుకోవాల్సి వచ్చింది. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. నేను పిల్లని ఎత్తుకుని రోడ్డు వైపు పరుగులాంటి నడక నడిచాను, నాలో అంత నడక ఉందని నాకే తెలియదు.

పిల్లకి పురుగులకి మందిచ్చారు, రక్తానికి తియ్యటి మందు సీసా ఇచ్చారు. బావ దానికీ చిన్న చెప్పులు తెచ్చాడు. కొన్నాళ్ళకి బలపం పలక మీద అరగడం మొదలైంది. పలకంతా వంకర అక్షరాలు. వాటిని చూసి నేను పొంగిపోయాను.

మా అత్త మాత్రం మందు ముట్టలేదు. నా మాత్రలు కొన్ని ఆవిడ గూట్లో చుట్టల పక్కన పెట్టేదాన్ని. చుట్టలు తరిగేవి, మాత్రలు తరిగేవి కావు. ఒకసారి బతిమాలితే, "ఈ వొయసులో ఒళ్ళు వేడెక్కి నానేటి సెయ్యాలే? ఉండనీ, నాకు ఈ ఒక్క పేరే ఉన్నాది" అంది. మళ్ళీ ఆ ప్రసక్తి తేలేదు. ఆసుపత్రికి రమ్మంటే కాళ్ళు నొప్పులనేది, రేపనేది. చల్లలు ఆవిడే చిలికింది, ఊరి పిల్లల జ్వరాలన్నీ మళ్ళీ ఆవిడ ఒళ్ళోకే వచ్చాయి. కాదనేది కాదు. పిల్ల మీద చెయ్యి వేసి, తనే ముందు నిద్రపోయేది.

ఆ పుష్యమాసంలో మంచు బాగా పడింది. మధ్యాహ్నం భోజనమయ్యాక అత్త అరుగు మీద ఎండలో పడుకుంది, పక్కని నా కూతురు పలక పట్టుకుని కూర్చుంది. నేను వాకిట్లో చోళ్ళు చెరుగుతున్నాను. కాసేపయ్యాక, "అమ్మా, మామ్మని పిలిస్తే పలకటం నేదు" అంది పిల్ల.

"పలకరించకు. తొంగోనీ" అన్నాను.

ఎండ అరుగు దిగిపోయింది. చలిలో పడుకుంటే ఎలాగని లేపడానికి వెళ్ళాను. చెయ్యి పట్టుకున్నాను, చల్లగా ఉంది. ఎప్పుడూ చల్లగానే ఉంటుంది. పాదాలు ముట్టుకున్నాను, అవీ అంతే. మా వైపు మనిషి పోయారో లేదో కాళ్ళు చేతులు చల్లబడ్డాయా అని చూసి చెప్తారు. ఇంకెవరినైనా అయితే అక్కడే తెలిసిపోయేది. నాకు తెలియలేదు. "అత్తా, లెగు, లోపల తొంగో" అని భుజం కదిపాను. కప్పిన దుప్పటి మెడ దాకా సర్దాను కూడా.

అప్పుడు చుట్ట చూశాను. నోట్లోనే ఉంది. మెల్లగా బయటికి తీశాను. లోపలి కొస నల్లగా, తడిగా, ఎప్పుడో ఆరిపోయి ఉంది.

నేను చుట్ట పట్టుకుని ఆవిడ పక్కనే కూర్చున్నాను. నా కూతురికి ఏం తెలుసు? పలక పక్కన పెట్టి, మామ్మ చెయ్యి తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని గట్టిగా రుద్దుతోంది.

"ఉండమ్మా, నా సేతులు వెచ్చగా ఉన్నాయి గదా" అంది.